36 సెంటీమీటర్ల ఎంటర్‌ప్రైజ్: హనుమకొండలో ఒక యుద్ధనౌక మోడల్ కట్టిన నా అనుభవం

2023 ఫిబ్రవరిలో ఎంటర్‌ప్రైజ్ అనే అమెరికా విమానవాహక నౌక కిట్‌కు, అంటే అతికించుకునే ప్లాస్టిక్ ముక్కల పెట్టెకు, ఆర్డర్ పెట్టాను. 2024 జనవరిలో మోడల్ పెట్టెలోకి చేరింది. మధ్యలో నిజంగా చేతులు ఆడిన రోజుల కంటే కొరియర్ కోసం, ఎండ తగ్గడం కోసం, వాన ఆగడం కోసం, రంగు ఆరడం కోసం ఎదురుచూసిన రోజులే ఎక్కువ. మన వైపు ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఆ ఎదురుచూపులు ఎక్కడెక్కడ వస్తాయో ముందే తెలిస్తే మధ్యలో వదిలేయరని ఇది రాస్తున్నాను.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఓడ బొమ్మ గీసి, దాని మీద విమానాలు దిగుతాయని చెప్పేవాణ్ణి. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లే తక్కువ. ఓడ మీద విమానం దిగడం అంటే వాళ్ల కళ్లకు ఏం కడుతుంది? చూపించడానికి ఒక వస్తువు ఉండాలనిపించింది.

ముందు మన పాత విక్రాంత్ కిట్ కోసమే వెతికాను. 1971 యుద్ధంలో బంగాళాఖాతం నుంచి విమానాలను పంపిన నౌక అది. ముంబైలో చాలా ఏళ్లు మ్యూజియంగా ఉండి, చివరికి 2014లో విరగ్గొట్టడానికి పోయింది. దాని ప్లాస్టిక్ కిట్ నాకు ఎక్కడా దొరకలేదు. అప్పుడు మనసు ఎంటర్‌ప్రైజ్ మీదికి పోయింది. 1934లో దాని నిర్మాణం మొదలైంది, 1938లో అమెరికా నౌకాదళంలో చేరింది, పసిఫిక్ యుద్ధం మొదటి నుంచి చివరి ఏడాది దాకా పోరాడింది. అంత చేసిన నౌకను కూడా 1958లో తుక్కుకు అమ్మేశారు. దాన్ని మ్యూజియంగా నిలపాలని ప్రయత్నం జరిగినా డబ్బు సమకూరలేదు. ఈ రెండు నౌకలనూ ఇప్పుడు ఎవరైనా చూడాలంటే ఫొటోల్లో చూడాలి, లేదా మోడల్‌గా చూడాలి.

1/700 స్కేలు తీసుకున్నాను. అసలు నౌకలో 7 మీటర్లు ఇక్కడ 1 సెంటీమీటర్. 251 మీటర్ల నౌక 36 సెంటీమీటర్లకు వస్తుంది. డెక్ మీద, అంటే ఓడ పైతలం మీద, నిలబడ్డ మనిషి రెండున్నర మిల్లీమీటర్లు ఉంటాడు. ఇంకా పెద్దది 1/350 ఉంది కానీ దాని ధరా, దానికి కావాల్సిన జాగా రెండూ మా ఇంటికి ఎక్కువే. ఈ చిన్న కిట్‌లలో నీటిమట్టం పైభాగమే ఉంటుంది, అడుగు చదునుగా ఉంటుంది. బల్ల మీద పెడితే నీళ్లలో తేలుతున్నట్టు కూర్చుంటుంది. పిల్లలకు చూపించడానికి అదే మేలు.

కిట్ 3,900 రూపాయలు. ముంబై నుంచి వారంలో వచ్చేసింది. అసలు కష్టం రంగులతో వచ్చింది. రంగులు, థిన్నర్, ప్లాస్టిక్‌ను అంటించే సిమెంట్ మండే సరుకు కిందికి వస్తాయి కాబట్టి విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి. మూడు వారాలకు పైనే పట్టింది. మధ్యలో ట్రాకింగ్‌లో హైదరాబాద్ దగ్గర ఆగి, అక్కడే వారం కూర్చుంది. రోజూ ఫోన్ తీసి చూడటం, అదే లైన్ కనబడటం. కిట్ పెట్టె మూత తీసి భాగాలు చూసుకుని మళ్లీ మూసేవాణ్ణి. కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ముందు రంగులు ఆర్డర్ పెట్టండి, అవి బయల్దేరాక కిట్ పెట్టండి.

ఆ ఖాళీలో పనిముట్లు పోగుచేశాను. ఆన్‌లైన్లో మోడలింగ్ కత్తి అని అమ్మేదానికి ఏడెనిమిది వందలు అడిగారు. ఎంజీఎం ఆస్పత్రి ఎదురుగా సర్జికల్ షాపులో 3 నంబర్ హ్యాండిల్, దానికి పట్టే 11 నంబర్ బ్లేడ్లు, సన్న మూతి ఫోర్సెప్స్ కలిపి నాలుగు వందల్లో వచ్చాయి. ఆ బ్లేడు పదును వేరే లెవెల్. చర్మం తెగినా వెంటనే తెలియదు, జాగ్రత్త. రంగు పలుచన చేయడానికి కాలేజీ ల్యాబులకు కెమికల్స్ అమ్మే షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకున్నాను. నేను తీసుకున్న రకం ఆక్రిలిక్ రంగులకు అది బాగా కలుస్తుంది. ఇవన్నీ మన ఊళ్లోనే దొరుకుతాయని ఎవరూ చెప్పకపోతే తెలియదు.

ఉగాది దాటాక మొదలుపెట్టాను. ఓడ ఒంటిని అతికించడం చాలా తొందరగా అయిపోయింది. రెండు మూడు సాయంత్రాల్లో బల్ల మీద ఓడ ఆకారం నిలబడింది. చూసినవాళ్లు అయిపోయిందనుకున్నారు. మా ఆవిడ ఫొటో తీసి వాళ్ల అన్నయ్యకు పంపేసింది కూడా. ఇంకా ఎన్ని నెలలుందో అప్పుడు చెప్తే నమ్మేది కాదు. ఓడ ఒళ్లు సులువు. పని అంతా డెక్, విమానాలు, రెయిలింగ్‌లోనే ఉంటుంది.

కింద పడ్డ ముక్కలు మాత్రం మొదటి రోజు నుంచే మొదలు. ఫోర్సెప్స్ కొంచెం గట్టిగా నొక్కితే ముక్క ఎగిరిపోతుంది. మా ఫ్లోర్ మచ్చల గ్రానైట్, దాని మీద బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క కనబడితే ఒట్టు. దానికి మా నాన్న ఒక ఉపాయం చెప్పాడు. ఆయన తెల్ల పంచె ఒకటి తెచ్చి, ఒక అంచు టేబుల్ కిందికి పిన్నులు కొట్టి, రెండో అంచు నా ఒళ్లో పరిచాడు. ఆ తర్వాత ఎగిరిన ముక్కల్లో చాలావరకు ఆ పంచెలోనే దొరికాయి.

ఏప్రిల్ చివరికి గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలి ఇచ్చే చిన్న కంప్రెసర్ కొన్నాను, 5,200. అప్పటికి ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం గది తలుపులు మూసి కొడితే రంగు ఓడ మీద పడేలోపే సగం ఆరిపోయి పొడిలాగా అంటుకుంటోంది. నాజిల్ మూతి నిమిషంలో గట్టిపడుతోంది. ఆల్కహాల్ ఎంత కలిపినా అదే తొందరగా ఎగిరిపోతుంది. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు మధ్య కొడితే ఈ బాధ లేదు. కానీ ఆ టైంలో కంప్రెసర్ చప్పుడుకు పైపోర్షన్‌లో అద్దెకుండే వాళ్ల పసిపాప లేస్తోంది. వాళ్లతో మాట్లాడుకుని, కంప్రెసర్ కింద పాత బొంత మడిచి పెట్టి, ఆదివారాలు మాత్రమే కొట్టాలని ఒప్పుకున్నాను. వేసవి సెలవుల్లో ఖాళీ ఉండి కూడా వారానికి రెండు గంటలే రంగు పని. మే నెలంతా అలాగే పోయింది.

జూన్‌లో డెక్ పట్టుకున్నాను. ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

ఎంటర్‌ప్రైజ్ డెక్ మీద పరిచింది చెక్క. అమెరికన్ నౌకల మీద ఆ పలకలు అడ్డంగా, అంటే ఓడ వెడల్పు దిశలో పరిచి ఉంటాయి. జపాన్ నౌకల మీద పొడుగునా ఉంటాయి. ఈ ఒక్క విషయం తెలిస్తే బ్రష్ ఎటు నడపాలో తెలిసిపోతుంది. పై నుంచి చూసే శత్రు విమానానికి సముద్రంలో కలిసిపోవాలని ఆ చెక్కకు నీలం రంగు పట్టించేవాళ్లు. కొత్తగా ఉన్నప్పుడు ముదురు నీలం, ఎండకూ ఉప్పుకూ టైర్ల రాపిడికీ పాలిపోయి బూడిదలోకి తిరిగిన నీలం. ఒకే రంగు కొట్టి వదిలేస్తే అది ప్లాస్టిక్ పలకే. అందుకని ముందు మొత్తం ఒక నీలం కొట్టి, దానికి కొంచెం తెలుపు, కొంచెం బూడిద కలిపి నాలుగైదు ఛాయలు తయారుచేసుకుని, ట్రిపుల్ జీరో బ్రష్‌తో ఒక్కో పలక అక్కడక్కడా ఎంచుకుని అడ్డంగా గీస్తూ పోయాను. విమానాలు దిగే వెనక భాగంలో ఎక్కువ పాలిపోయినట్టు, ముందు భాగంలో తక్కువగా. భూతద్దం లైటు కింద గంట కూర్చుంటే రెండు అంగుళాలు జరిగేది. చివర్లో నలుపు బాగా పలుచన చేసి పైన పూస్తే గాడుల్లో నిలబడి, పలకల మధ్య సందులు బయటపడ్డాయి. ఆ సాయంత్రం నాకు అది నిజంగా చెక్కలాగే కనబడింది. లోపలికి పోయి మా నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను.

జూలైలో ఆ సంతోషానికి దెబ్బ తగిలింది. డెక్ రంగును కాపాడటానికి పైన మాట్ (మెరవని) వార్నిష్ కొట్టాలి. ముసురు మధ్య ఒకరోజు మంచి ఎండ వచ్చింది, మధ్యాహ్నం కొట్టాను. గంటలో మబ్బు కమ్మి జల్లు మొదలైంది. గాలిలో తేమ పెరిగితే ఈ వార్నిష్ ఆరేటప్పుడు తేమను లోపలికి పట్టుకుని తెల్లబడుతుంది. నా డెక్ వెనక భాగం మొత్తం పాల పొర కప్పినట్టు అయిపోయింది. నెల రోజుల పని కళ్ల ముందే మసకబారుతుంటే చాలా బాధేసింది. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. దాన్ని గీకొద్దు, తుడవొద్దు. అలాగే మూతపెట్టి ఉంచాను.

తర్వాత ఆ నెలాఖరున వరంగల్, హనుమకొండలో వచ్చిన వాన సంగతి అందరికీ తెలుసు. నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మా వీధి కొంచెం ఎత్తులో ఉంది కాబట్టి నీళ్లు గేటు దగ్గరే ఆగాయి, కానీ కరెంటు పోయింది. మా చెల్లెలు వాళ్ల కుటుంబం వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. ఆ రోజుల్లో ఓడ గురించి ఎవరికి గుర్తు? అటక మీద పెట్టేశాను.

ఆగస్టులో వరసగా నాలుగు రోజులు పొడిగా కాసిన తర్వాత, అదే వార్నిష్‌ను చాలా పలుచగా, దూరం నుంచి మళ్లీ ఒక పొర కొట్టాను. కొత్త పొర పాత పొరను కొంచెం కరిగించి, లోపల చిక్కిన తేమను వదిలేస్తుందని చదివాను. పది నిమిషాల్లో ఆ తెలుపు పోయి కింద నీలం తేరుకుంది. ఊపిరి పీల్చుకున్నాను. మనకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వార్నిష్ పని పెట్టుకోకపోవడమే నయం. అంటించడం, చిన్న చిన్న బ్రష్ పనులు ఎన్నైనా చేసుకోవచ్చు.

విమానాలు ఆగస్టు, సెప్టెంబర్ రెండు నెలలూ తిన్నాయి. కిట్‌తో వచ్చినవి సరిపోవని విడిగా ఒక సెట్ 1,100 పెట్టి కొన్నాను. డాంట్‌లెస్ డైవ్ బాంబర్ (పై నుంచి కిందికి దూకుతూ బాంబు వేసే విమానం) రెక్కల చివర నుంచి చివరకు 18 మిల్లీమీటర్లు. ఆవగింజలో సగం ఉండే చక్రాలు. పైన నీలం కలిసిన బూడిద, కింద లేత బూడిద. రెక్క మీద నక్షత్రం విషయంలో జాగ్రత్త అవసరం. 1942 మే దాకా అమెరికన్ నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క ఉండేది. జపాన్ గుర్తు ఎర్ర గుండ్రం కాబట్టి, సొంతవాళ్లే పొరపడి కాల్చకుండా దాన్ని తీసేశారు. నేను కడుతున్నది 1942 జూన్ 4 నాటి నౌక, మిడ్‌వే దీవి దగ్గర అమెరికా, జపాన్ నౌకాదళాలు తలపడిన రోజు అది. కాబట్టి చుక్క లేని తెల్ల నక్షత్రాలే వేయాలి. ఆ స్టిక్కర్లను నీళ్లలో నానబెట్టి, కాగితం మీద నుంచి జార్చి, తడి బ్రష్‌తో రెక్క మీదికి నెట్టాలి. ఊపిరి గట్టిగా వదిలితే మడత పడుతుంది. ఫ్యాన్ ఆపేయాలి. ఆగస్టు ఉక్కలో ఫ్యాన్ లేకుండా చెమట కారుతూ, ఆ చెమట బొట్టు విమానం మీద పడకుండా నుదుటికి తువ్వాల కట్టుకుని కూర్చునేవాణ్ణి.

డివాస్టేటర్లను మాత్రం చివరికి ఉంచుకున్నాను. ఇవి టార్పెడో విమానాలు, అంటే నీళ్లలో దూసుకుపోయి ఓడకు తగిలే టార్పెడోలను వదిలేవి. పెద్ద రెక్కలు, నెమ్మది నడక. ఆ రోజు ఎంటర్‌ప్రైజ్ నుంచి 14 డివాస్టేటర్లు లేచాయి. తిరిగి నాలుగే వచ్చాయి. పక్కనున్న హార్నెట్ నౌక నుంచి వెళ్లిన 15లో ఒక్కటి కూడా తిరిగి రాలేదు. వాటిలో ఉన్నవాళ్లలో ఒకే ఒక్కడు, జార్జ్ గే, నీళ్లలో తేలుతూ బతికాడు. జపాన్ ఫైటర్లు కిందికి దిగి ఈ టార్పెడో విమానాల వెంట పడి ఉన్న కొద్దిసేపట్లోనే పై నుంచి డాంట్‌లెస్‌లు దూకాయి. ఆ ఉదయం జపాన్ విమానవాహక నౌకలు అకాగి, కాగా, సోర్యు తగలబడ్డాయి. సాయంత్రానికి హిర్యు కూడా. పాఠంలో ఇది రెండు లైన్లు. ఆ 14 విమానాలకు అద్దాల గీతలు గీస్తుంటే, ఆ గీతల వెనక విమానానికి ఇద్దరేసి మనుషులు కూర్చున్నారని తెలుసు. వాటి ముందు నాకు పని వేగంగా సాగలేదు. సాగాలని కూడా అనుకోలేదు.

ఇత్తడి రెయిలింగ్ సెట్ విదేశం నుంచి తెప్పించాను. 2,800 దానికి, కస్టమ్స్, కొరియర్ కలిపి ఇంకో 900. డబ్బు కట్టమని మెసేజ్ వచ్చాక కూడా పది రోజులు పట్టింది. పల్చని ఇత్తడి రేకు మీద రసాయనంతో కొరికించి తీసిన రెయిలింగ్, ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్. ఓడ అంచు వంపుకు తగ్గట్టు వంచబోతే స్ప్రింగులా వెనక్కి వస్తుంది. మా స్కూల్లో పనిచేసే ఒక టీచర్‌ది పెంబర్తి, వాళ్ల ఇంట్లో తరాలుగా ఇత్తడి పని. ఆయన్ని అడిగితే, “కొట్టిన ఇత్తడి గట్టిపడతది సార్. మంట మీద ఒకసారి చూపిస్తే మెత్తబడి చెప్పినట్టు వింటది” అన్నాడు. క్యాండిల్ మంట మీద రంగు మారేదాకా అలా అటూ ఇటూ తిప్పి చల్లారనిచ్చాను. ఆ తర్వాత వేలితో నొక్కితే వంపు నిలిచింది. అంటించడానికి ఫెవిక్విక్ చాలు. కాకపోతే ట్యూబుతో నేరుగా పెట్టకూడదు. ఒక చుక్క ప్లాస్టిక్ మూత మీద వేసుకుని, సూది మొనతో తీసి చుక్కచుక్కగా పెట్టాలి.

అక్టోబర్ మధ్యలో బతుకమ్మ వచ్చింది. ఇల్లంతా తంగేడు, గునుగు పూలు, చుట్టాలు. గునుగుకు రంగులద్దడానికి నా టేబులే అవసరమైంది. ఓడ మళ్లీ అటకెక్కింది. నవంబర్‌లో అసెంబ్లీ ఎన్నికల డ్యూటీ పడింది, ట్రైనింగ్ క్లాసులు, 30న పోలింగ్. ఆ నెల ఒక్క ముక్క కూడా కదల్లేదు. దానికి నాకు బెంగ లేదు. మూతపెట్టిన పెట్టెలో ఓడ ఎంతకాలమైనా ఉంటుంది, దుమ్ము పడకుండా చూసుకుంటే చాలు.

డిసెంబర్‌లో మిగిలింది తీగల పని. మాస్టు (ఓడ స్తంభం) నుంచి సాగే రేడియో తీగలు. నేను కుట్టుదారం తెచ్చి, అన్నిటికంటే సన్నది ఎంచుతుంటే మా నాన్న చూశాడు. ఆయన వరంగల్ అజంజాహి బట్టల మిల్లులో స్పిన్నింగ్‌లో, అంటే నూలు వడికే చోట, పనిచేసినవాడు. ఆ మిల్లు కూడా 1934లో పెట్టిందే, ఎంటర్‌ప్రైజ్ పని మొదలైన ఏడే. దారం రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి, “నూలుకు నూగుంటది బిడ్డా. ఎంత సన్నదైనా నూగు కనబడ్తది. దీనికి రాదు” అన్నాడు. భూతద్దం కింద పెడితే ఆయన చెప్పిందే. దారం చుట్టూ వెంట్రుకలు లేచి ఉన్నాయి. పైగా ఈ స్కేల్లో 0.2 మిల్లీమీటర్ దారమంటే 14 సెంటీమీటర్ల మోకు కింద లెక్క. కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్కనే క్యాండిల్ మీద వేడిచేసి, మెత్తబడగానే పక్కకు తీసి రెండు చేతులతో లాగితే వెంట్రుక కంటే సన్నగా సాగుతుంది, నూగు ఉండదు. లాగడం నా వల్ల సమంగా కాలేదు, ఒకచోట లావు ఒకచోట సన్నం. ఆయన లాగితే మొదటి నుంచి చివరి దాకా ఒకే సన్నం. డెబ్బై ఎనిమిదేళ్ల చేతులు. ఆ ఓడ మీద ఉన్న రేడియో తీగలన్నీ ఆయన లాగినవే. సంక్రాంతికి ముందే ఆ పని ముగిసింది.

పెట్టె కోసం బోర్డులు చేసే ఆక్రిలిక్ షాపుకు పోయాను. 3 మిల్లీమీటర్ షీటుతో, కింద చెక్క పీటతో కలిపి 3,100. గాజు పెట్టించొద్దు, బరువు, పైగా బండి మీద తీసుకుపోలేం. మొత్తం లెక్క వేస్తే ఎయిర్‌బ్రష్, భూతద్దం లైటు అన్నీ కలిపి 22 వేల దగ్గరికి వచ్చింది. అందులో పనిముట్ల ఖర్చు ఒక్కసారే, ఇంకో ఓడకు మళ్లీ పెట్టక్కర్లేదు. నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. ఏడాది మీద కొంచెం కొంచెంగా పెట్టాను కాబట్టి తట్టుకున్నాను.

జనవరి చివర్లో స్కూలుకు తీసుకెళ్లాను. కారు వెనక సీట్లో మా ఆవిడ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారి ఆపి దాటించాను. పదో తరగతి పిల్లలు చుట్టూ మూగారు. మొదటి ప్రశ్న నేను అనుకున్నదే వచ్చింది. “సార్, గింత చిన్న జాగల విమానం ఎట్ల ఆగుతది?” డెక్ వెనక భాగంలో అడ్డంగా కట్టిన ఇత్తడి తీగలు చూపించాను. విమానం తోక కింద కొక్కెం ఉంటుంది, అది ఆ తీగకు తగులుకుంటుంది, తీగ సాగుతూ విమానాన్ని పట్టి ఆపుతుంది. బోర్డు మీద ఎన్నేళ్లు చెప్పినా అడగని ప్రశ్నలు ఆ పూట వచ్చాయి. లేచేటప్పుడు ఓడ గాలికి ఎదురుగా ఎందుకు పోతుంది? టవర్ ఒక పక్కకే ఎందుకుంది? వెనక వరసలో కూర్చునే ఒక పిల్ల ముందుకొచ్చి, డాంట్‌లెస్ రెక్కలు మడవవు అని నేను చెప్పినందుకు, “మరి లిఫ్టుల పడుతదా సార్?” అంది. విమానాలను డెక్ కిందికి దించే మధ్య లిఫ్ట్ మీద ఒక డాంట్‌లెస్‌ను నిలిపే ఉంచాను. ఆ పిల్ల కంపాస్ బాక్సులోంచి స్కేలు తీసి పెట్టె మీద ఆనించి వంగి చూసి, రెండు పక్కలా కొంచెం కొంచెం జాగా మిగులుతోందని మిగతావాళ్లకు చెప్పింది. వాళ్లూ ఒక్కొక్కరే వచ్చి కొలిచారు. బెల్లు కొట్టినా ఆ వరస కదల్లేదు, తర్వాతి పీరియడ్ లెక్కల సార్‌ను అడిగి ఇంకో పది నిమిషాలు తీసుకున్నాను.